కృష్ణపట్నం నుంచి నీటికింది అగ్నికొండకు

ఏప్రిల్ నెలాఖరులో డిగ్రీ పరీక్షల పేపర్లు దిద్దుతూ ఉండగా చెన్నై నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడినాయన తన పేరు విశ్వనాథన్ అని, సముద్రపు అడుగును పరిశోధించే ఓడ మీద ముఖ్య శాస్త్రవేత్తనని చెప్పుకున్నారు. అండమాన్ సముద్రంలో నీటి కింద ఒక అగ్నిపర్వతం ఉందట. దాని నోట్లోకి కెమెరా దించబోతున్నారట. అక్కడ దొరికే నత్తలను చూసి ఇది ఫలానా జాతి అని చెప్పవలసిన పండితుడు స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పులికాట్ సరస్సు నత్తల మీద నేనెప్పుడో రాసిన వ్యాసం విశ్వనాథన్ గారి కంటపడింది. నాకు తెలిసి ఆ వ్యాసం చదివిన రెండో మనిషి ఆయన. మొదటి మనిషి అచ్చుతప్పులు దిద్దినాయన.

నేను గూడూరులో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర బతికే జీవుల గురించి ఏటా ఒక పాఠం ఉంటుంది. పుస్తకంలో ఒక నలుపు తెలుపు బొమ్మ ఉంది. పిల్లలు పరీక్షలో ఆ బుగ్గలను నిలబెట్టిన కాకరకాయల్లా గీస్తారు. నేను మార్కులు వేస్తాను. అవి కాకరకాయల్లా ఉండవని గట్టిగా చెప్పడానికి నేనూ చూసింది లేదు.

మా ఆయనకు దొరవారిసత్రం దగ్గర పొలం ఉంది. సాయంత్రం ఇంటికి రాగానే సంగతి చెప్పాను. ఆయన కాళ్లు కడుక్కుంటూ విన్నారు.

"మునిగేది గాదు గదా?" అన్నారు.

"ఓడా?"

"కొండ."

"అది ముందే మునిగింది."

"అయితే పోయిరా," అన్నారు.

బయలుదేరిన రోజు ఉదయం ఆరున్నరకు గూడూరు బస్టాండులో నెల్లూరు బస్సు ఎక్కాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు. అగ్నిపర్వతం దాకా వెళ్లే ప్రయాణంలో మొదటి అంచె ఉచితమని గమనించగలరు. పక్క సీట్లో నిమ్మకాయల వ్యాపారం చేసే ఒకామె కూర్చుంది. ఒళ్లో సంచీ ఉంది. బస్సంతా నిమ్మతోట వాసన.

"యాడికి మేడమ్, ఇంత పెద్ద పెట్టెతో?"

"అగ్నిపర్వతం చూడటానికి."

"ఆడ గుడి ఉండాదా?"

"లేదు."

ఆమె ఒళ్లో సంచీ మూతి విప్పింది. "మొక్కుకోని ఉంటారులే," అని తానే ఒక కారణం కుదుర్చుకుని, ఓడ మాట వినగానే వాంతులకు పనికొస్తాయని నాలుగు నిమ్మకాయలు నా చేతిలో పెట్టింది.

నెల్లూరులో ఇడ్లీ తిని ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం వెళ్లే బస్సు పట్టుకున్నాను. దారి పొడుగునా లారీలే. పోర్టు గేటు దగ్గర పాసు ఇవ్వడానికి పట్టిన సమయంలో మళ్లీ గూడూరు వెళ్లి రావచ్చు. లోపల బొగ్గు ఓడల మధ్య మా ఓడ తెల్లగా, చిన్నగా, తప్పిపోయి వచ్చినట్టు ఉంది. మూడు గంటలకు తాళ్లు విప్పారు.

నా కేబిన్‌లో పై బెర్తు కామాక్షిది. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. చిట్టమూరు మండలంలో పులికాట్ ఒడ్డున చేపలు పట్టే కుటుంబంలో పుట్టింది. గూడూరులో పాలిటెక్నిక్ చదివి, నీళ్లలో యంత్రాలు నడపడం నేర్చుకుంది. కెమెరాను సముద్రంలోకి దించి నడిపేది ఆమే. ముప్పై మంది ఉన్న ఓడలో ఆడవాళ్లం మేమిద్దరమే. అరగంటలో ఊళ్లూ, పేర్లూ, ఇద్దరికీ తెలిసిన పోలేరమ్మ జాతరా అయిపోయాయి.

"మా నాయనకు వల పైకి లాగితేనే గానీ ఏం పడిందో తెలవదు. నాకు ముందే కనపడతాది," అంది తన ఉద్యోగం గురించి.

"ఆయన సంతోషిస్తారా?"

"ముందే కనపడితే ఇంగ పట్టేదెందుకంటాడు."

మొదటి రెండు రోజుల గురించి రాయడానికి పెద్దగా లేదు. నేను పడుకునే ఉన్నాను. ఓడ ప్రయాణానికి వెళ్లదలచిన వారికి నా సలహా: మాత్ర ఓడ ఎక్కాక కాదు, ఎక్కకముందే వేసుకోవాలి. నిమ్మకాయ వాసన కొంత పనిచేస్తుంది. కింద బెర్తు అడిగి తీసుకోండి. కామాక్షి పూటకోసారి వచ్చి, "మేడమ్, మజ్జిగన్నం తినండి, బయటికి రావాలన్నా లోపల ఏదన్నా ఉండాలి గదా," అని కూర్చోబెట్టేది. ఆమె తర్కంలో లోపం కనిపించక తినేదాన్ని.

మూడో రోజు పొద్దున భోజనాల గదిలోకి నడిచి వెళ్లగలిగాను. విశ్వనాథన్ గారు పూరీ తింటున్నారు. సన్నగా, పొడుగ్గా, అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి. ఈ ఏడాది చివర్లో రిటైరవుతారు. మేము వెళుతున్న చోటు ఎలాంటిదని అడిగాను. ఆయన బాగా ఉబ్బిన ఒక పూరీని ఏరి నా ముందు పెట్టారు. అమ్మా అనడానికి ఆయన చెన్నై అలవాటుగా మా అంటారు.

"ఇది కొండ మా. లోపల లావా ఉంది. అది బయటికి పోయింది," అని పూరీ పక్కన వేలితో పొడిచారు. ఆవిరి పోయి పైపొర లోపలికి కూలింది. చుట్టూ అంచు మాత్రం నిలబడింది. "ఈ గుంటనే కాల్డెరా అంటాం. కింద వేడి ఇంకా ఉంది. పగుళ్లలోంచి సముద్రం నీళ్లు లోపలికి దిగుతాయి, రాళ్ల వేడికి కాగి, రాళ్లలోని గంధకం, ఇనుము కరిగించుకుని మళ్లీ పైకి తన్నుకొస్తాయి. అవే బుగ్గలు."

తర్వాత ఆయన ఆ కాల్డెరాను బంగాళదుంప కూరతో తినేశారు.

నాలుగో రోజు తెల్లవారేసరికి ఓడ ఆగి ఉంది. చుట్టూ ఒక్క కొండా లేదు, పక్షీ లేదు. నీలిరంగు నీళ్లు. మేము చూడవచ్చినది సరిగ్గా కాళ్ల కింద, కిలోమీటరుకు పైగా లోతులో ఉందని చెప్పారు. దర్శనీయ స్థలానికి చేరుకున్నామన్న గుర్తు ఏమీ లేకపోవడం ఈ క్షేత్రం ప్రత్యేకత.

కెమెరా ఉన్న యంత్రాన్ని ఓడలో అందరూ బండి అంటారు. బీరువాను పడుకోబెట్టినంత ఉంటుంది. పసుపు రంగు. లోపల మనుషులు ఉండరు. లైట్లు, కెమెరాలు, రెండు ఇనుప చేతులు, ముందు భాగంలో నమూనాలు వేసుకోవడానికి మేకుతో బిగించిన, మూత ఉన్న ఒక పెట్టె. ఓడ నుంచి లావుపాటి కేబుల్ దానికి కరెంటూ ఆజ్ఞలూ అందిస్తుంది. డెక్ మీద ఒక ఇనప గదిలో కామాక్షి తెరల ముందు కూర్చుని దాన్ని నడుపుతుంది. ఆ గదిలో ఏసీ మనుషుల కోసం కాదు, యంత్రాల కోసం. స్వెట్టర్ తీసుకెళ్లండి.

పని మొదలైన ఆ రోజు బండి గుంట తూర్పు భాగంలో దిగింది. ఆరు గంటల పాటు బూడిదరంగు బురద చూశాం. ఒక సముద్ర దోసకాయ కనిపించింది. అది పేరుకు దోసకాయ, నిజానికి జంతువు. సాయంత్రం దాకా మాకు అది తప్ప మరో ఆసరా లేదు.

మర్నాడు ఉదయం కెప్టెన్ మాకు కబురు చెప్పారు. విశాఖపట్నం మనిషి, మెత్తగా మాట్లాడతారు. దక్షిణాన అల్పపీడనం పడుతోందట. "ఈ పూట ఒక్కటేనండి. మధ్యాహ్నం దాటితే ఓడ ఒకచోట నిలబడదు," అన్నారు. ఒక్క పూట పని కోసం నాలుగు రోజులు వచ్చామని ఎవరూ పైకి అనలేదు.

బండి ఈసారి పడమటి గోడ వెంట దిగింది. పది గంటల ప్రాంతంలో నీళ్లు మసగ్గా మారాయి. బొగ్గుల కుంపటి మీద గాలి వణికినట్టు తెర మీద నీళ్లు వణకడం మొదలైంది. కామాక్షి వేగం తగ్గించింది. నేల మీద తెల్లగా ఏదో పరుచుకుని ఉంది. మన ఉప్పు మళ్లలో పొద్దున పేరుకున్న ఉప్పులాగే ఉంది. అది ఉప్పు కాదు, బాక్టీరియా. ఆపైన లైట్ల వెలుగులోకి ఒక పొగగొట్టం, అంటే బుగ్గ నీళ్లలోని లోహాలు పేరుకుని లేచిన గొట్టం, వచ్చింది.

తాటిచెట్టులో సగం ఎత్తు ఉంటుంది. వంకరగా, బుడిపెలతో, పసుపూ నలుపూ కలిసి ఉంది. కొస నుంచి నల్లటి పొగ ఆపకుండా పైకి పోతోంది. అది పొగ కాదు, కాగిన నీళ్లలోని లోహాలు చల్లటి నీళ్లు తగలగానే నల్లటి పొడిగా మారడం. ఆ నీళ్లు వంట నూనె కాగినదానికన్నా వేడిగా ఉంటాయి, అయినా మరగవు. మరగనివ్వకుండా మీద కిలోమీటరు సముద్రం అదిమిపట్టి ఉంది. ఇదంతా పాఠంలో నేను చెప్పేదే. చెబుతున్నప్పుడు నమ్మానో లేదో ఇప్పుడు గుర్తు లేదు.

పొగగొట్టం మొదట్లో బతుకు కిక్కిరిసి ఉంది. కళ్లు లేని తెల్ల రొయ్యలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, జారుతూ ఉన్నాయి. వాటి మధ్య తెల్లటి పీతలు నడుస్తున్నాయి. ఎండ సోకని చోటు అది. ఆకు లేదు, నాచు లేదు. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే వాయువు ఆ నీళ్లలో ఉంటుంది, దాన్ని బాక్టీరియా తింటుంది, బాక్టీరియాను మిగతావన్నీ తింటాయి. మనకు సూర్యుడు చేసే పనిని అక్కడ ఆ కంపు చేస్తోంది.

"అదిగో మేడమ్, మీ వాళ్లు," అంది కామాక్షి.

నత్తలు! రేగిపండంత ఉన్నాయి. పెంకు మీద గోధుమరంగు నూగు. ఆ నీళ్లలోని ఆమ్లానికి పెంకు కొసలు కరిగిపోయి ఉన్నాయి. నూగు ఉన్న నత్తల బొమ్మలు నేను చూశాను. ఇవి వాటిలా లేవు. నోటి దగ్గర మడత వేరు, చుట్ల లెక్క వేరు. కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వెళ్లాను. ఇవి కొత్తవేమోనని మనసులో అనుకున్నాను, పైకి అనడానికి ధైర్యం చాలలేదు.

"కొత్తవా?" అన్నారు విశ్వనాథన్ గారు, నా మొహం చూసి.

"చేతిలోకి వస్తే చెబుతాను."

కామాక్షి ఒక గొట్టంతో వాటిని మెల్లగా పీల్చి పెట్టెలోకి వదిలింది. పదో పన్నెండో వచ్చాయి. మూత వేసింది. ఆ పెట్టెలోనూ ఒక చిన్న కెమెరా ఉంది. నేను దాని ముందే కూర్చుండిపోయాను. గూడూరులో ఇల్లు, కాలేజీ, దిద్దాల్సిన పేపర్లు ఏవీ జ్ఞాపకం లేవు. ఆ నత్తలకు పెట్టాల్సిన పేరు గురించి కూడా ఆలోచించాను. ఎవరికీ చెప్పలేదు.

బండి వెనక్కి తిరిగేటప్పుడు దాని పంకాలు నీళ్లను చిమ్ముతాయి. ఆ తోపుకు పక్కనున్న పాత పొగగొట్టం నడిమికి విరిగి కూలింది. తెర అంతా బూడిద. అది సర్దుకునేసరికి ఒక పెద్ద ముక్క మా పెట్టె అంచు మీద పడి ఉంది. పెట్టె ఆ ముక్కకూ నేలకూ మధ్య ఇరుక్కుంది. పెట్టెతో పాటు బండి కూడా.

కామాక్షి వెనక్కి లాగింది. రాలేదు. పక్కకు తిప్పింది. రాలేదు. చేతుల్తో ముక్కను నెట్టింది. కొద్దిగా కదిలి మళ్లీ కూర్చుంది. అప్పటికే ఓడ ఊగడం మాకు కూర్చున్న చోట తెలుస్తోంది. గోడకున్న స్పీకర్లో కెప్టెన్ గొంతు వచ్చింది. "గాలి పెరిగిందండి. కేబుల్ మీద బరువు పడుతోంది. అది తెగేలోగా తేల్చండి."

కేబుల్ తెగితే బండి పోతుంది. బండి పోతే ఈ పని మళ్లీ చేయడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. విశ్వనాథన్ గారు గడ్డం రుద్దుకున్నారు.

"పెట్టె మేకు లాగెయ్ మా. పెట్టె అక్కడే ఉండనీ. బండి వచ్చేస్తుంది."

తర్వాత నా వైపు తిరిగారు. "మేడమ్, క్షమించండి."

నేను చిన్న కెమెరా తెర చూస్తున్నాను. "మూత తీసి వదలగలమా?" అన్నాను.

"ఏమిటి?"

"మూత అలాగే ఉంటే లోపలికి ఆ నీళ్లు రావు. అవి బతకవు."

"మేడమ్, అవి నత్తలు."

"అవును," అన్నాను. అంతకన్నా గట్టి వాదన ఏదీ నాకు తోచలేదు.

ఆయన వద్దనడానికి నోరు తెరిచారు. అప్పటికే కామాక్షి ఒక ఇనుప చేతిని మూత పిడి మీదికి తీసుకెళ్లింది. పిడి సగం ఆ ముక్క కింద ఉంది. రెండో చేత్తో ముక్కను కాస్త ఎత్తి పట్టి, మొదటి చేత్తో లాగింది. జారింది. మళ్లీ పట్టింది. కేబుల్ బరువు చూపించే ముల్లు ఎర్ర గీత మీదికి పోయి అక్కడే వణుకుతోంది. "అమ్మాయ్!" అన్నారు విశ్వనాథన్ గారు. ఆమె ఇంకోసారి లాగింది. మూడోసారి మూత తెరుచుకుంది.

నత్తలు బయటికి రాలేదు. నత్తలు తొందరపడవు. పరిస్థితి వాటికి ఎవరూ చెప్పలేదు.

కామాక్షి పెదవి కొరుక్కుంటూ ఇనుప వేలితో పెట్టె రెండో కొసను కాస్త పైకెత్తింది. అవి ఒక్కొక్కటీ జారి ఆ తెల్లటి పరుపు మీద, వెచ్చటి నీళ్లు వణుకుతున్న చోట పడ్డాయి. ఒకటి తలకిందులుగా పడి, కాసేపటికి పాదం బయటపెట్టి నేలను పట్టుకుంది. అప్పుడు ఆమె మేకు లాగింది. బండి ఒక్క ఊపున వెనక్కి వచ్చింది. పొగగొట్టం, రొయ్యలు, నత్తలు అన్నీ వెలుతురులోంచి తప్పుకున్నాయి.

నేను బయట డెక్ మీదికి వెళ్లి నిలబడ్డాను. అలల తుంపర మొహం మీద కొడుతోంది. అందువల్ల ఎవరికీ ఏమీ వివరించవలసిన అవసరం రాలేదు.

బండి వెనక భాగంలో ఒక సీసాలో పొగగొట్టం దగ్గరి నీళ్లు వచ్చాయి. మూత తీయగానే కుళ్లిన గుడ్ల కంపు ఓడంతా కమ్ముకుంది. వంటవాడు పరుగెత్తుకొచ్చి తన సరుకేదీ పాడవలేదని అందరికీ చెప్పి వెళ్లాడు. వీడియో కాకుండా మేము చేత్తో తెచ్చింది ఆ కంపు ఒక్కటే. వీడియో చూసి కొత్త జాతికి పేరు పెట్టనివ్వరు, జంతువు చేతిలో ఉండాలి.

ఆ రోజంతా విశ్వనాథన్ గారు మాతో మాట్లాడలేదు. కామాక్షి అన్నం ముట్టకుండా బెర్తు మీద కూర్చుంది. "బండి పోయుంటే నా ఉద్యోగం పోయుండేది మేడమ్. ఇంకెవరూ నన్ను బండి ముట్టుకోనియ్యరు."

"నా వల్లే కదా, నేను అడగకుండా ఉండాల్సింది."

"మీరడిగినారని కాదు." ఆమె చేతులు చూసుకుంది. "ఒక చిన్నది మూతకు లోపలినుంచి అతుక్కోని పైకి పాకతా ఉండె. చూసినాక ఎట్టా మూస్తాం?"

మర్నాడు రాత్రి భోజనాల దగ్గర విశ్వనాథన్ గారు మా బల్ల దగ్గరికే వచ్చి కూర్చున్నారు. చాలాసేపు సాంబారు కలుపుకున్నారు.

"ఈ ఉద్యోగంలో నేను తెచ్చినవన్నీ సీసాల్లో ఉన్నాయి మా," అన్నారు. "వేలల్లో ఉంటాయి. ఒక్కటి కూడా వెనక్కి వెళ్లింది లేదు." సాంబారు గిన్నె పక్కకు జరిపారు. "మూత తియ్యమని నేనే చెప్పానని పైవాళ్లకు చెబుతాను. రిటైరయ్యేవాణ్ని ఏం చేస్తారు? ఆ పచ్చడి ఇటివ్వండి."

కామాక్షి పచ్చడి ఇచ్చి, తనూ అన్నం పెట్టించుకుంది.

తిరుగు ప్రయాణంలో అల్పపీడనం మమ్మల్ని రెండు రోజులు తరిమింది. ఈసారి మాత్ర ముందే వేసుకున్నాను. అయిదో రోజు ఉదయం తొమ్మిదికి కృష్ణపట్నం చేరాం. ఆటోలో ముత్తుకూరు, అక్కడి నుంచి నెల్లూరు బస్సు, మళ్లీ గూడూరు బస్సు. కామాక్షీ నేనూ ఒకే సీట్లో కూర్చున్నాం. రెండు సున్నా టికెట్లు. కిటికీలోంచి కోసిన వరిమళ్లు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ఎండకు గొడుగులు పట్టుకున్న ఆడవాళ్లు కనిపించారు. ఇక్కడ కంటికి కనపడేదంతా ఎండ పెట్టిన తిండే. ఎండతో నిమిత్తం లేని ఒక ఊరు కూడా ఉందని, అక్కడ అందరూ ఎవరి పనిలో వారున్నారని తెలిసి వచ్చాను. వెళ్లి చూడాలనుకునే వారికి వద్దని చెప్పను. చూడవచ్చు. తెచ్చుకోవాలనుకోకండి.

గూడూరు బస్టాండులో కామాక్షి నాన్న పోలయ్య మోటారు సైకిల్ మీద వచ్చి ఎదురుచూస్తున్నాడు. నల్లగా, గట్టిగా ఉన్నాడు. నాకు దణ్ణం పెట్టి, కూతురి సంచీ అందుకుని, దాని బరువు చేత్తో తూచి చూశాడు.

"ఏం పట్టినారమ్మా?"

"నత్తలు నాయనా. మళ్లా వదిలేసినాం."

ఆయన సంచీని హ్యాండిల్‌కు తగిలించాడు.

"చిన్నవా?"

"చిన్నవే."

"అయితే వదలాల్సిందే," అని ఆయన బండి స్టార్ట్ చేశాడు.